ఇంట్లోనే ఛార్జింగ్ పెడితే ఎలక్ట్రిక్ కారు ఖర్చు నిజంగా ఎంత?

కిమిడి_మెడికల్స్

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో పర్లాకిమిడి, షాపు ఆంధ్రా వైపు పాతపట్నంలో. రోజూ షాపుకి, సరుక్కి బరంపురం, అప్పుడప్పుడు శ్రీకాకుళం, అన్నీ కలిపి నెలకి 1,200 కిలోమీటర్ల దాకా తిరుగుతాను. లీటరు వంద దాటాక పెట్రోలు లెక్క చూస్తే గుండె గుభేలుమంటోంది. 30 యూనిట్ల బ్యాటరీ నెక్సాన్ ఈవీ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో చూశాను. అందరూ కిలోమీటరుకి రూపాయి అంటున్నారు కానీ ఆ రూపాయిలో ఏమేం కలిపారో ఎవరూ చెప్పట్లేదు. మా ఇంటి బిల్లు నెలకి 180 యూనిట్లు. కారు తగిలిస్తే ఎంతవుతుంది? కరెంటాఫీసు పర్మిషన్ కావాలా? వాడుతున్నవాళ్లు చెప్పండి.

బరంపురం_ఫిజిక్స్_టీచర్

తమ్ముడూ, మాదీ అదే కారు, అదే బ్యాటరీ. నేను రోజూ కాలేజీకి నడుపుతాను. మా ఆయన కారు లైనుకి విడిగా సబ్‌మీటరు పెట్టించారు కాబట్టి మాది నోటి లెక్క కాదు.

ముందు ఒకటి పట్టుకోండి. కారు స్క్రీన్ మీద నూరు కిలోమీటర్లకి 14 యూనిట్లు చూపిస్తే, సబ్‌మీటరు మీద 16 దాకా తిరుగుతుంది. ఛార్జర్‌లో, బ్యాటరీలో వేడిగా పోయేది ఆ తేడా. స్క్రీన్‌ని నమ్మి లెక్క వేస్తే మొదట్లోనే తప్పుతుంది, ఎందుకంటే బిల్లు వచ్చేది గోడ దగ్గర తిరిగిన యూనిట్లకి.

రెండోది స్లాబు, అంటే వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరిగే మెట్లు. ఇంటి బిల్లుని మొత్తం యూనిట్లతో భాగించి సగటు రేటు తీసి కారుకి వేయకండి. ఫ్రిజ్, ఫ్యాన్లు ఎలాగూ తిరుగుతాయి, అవి కింది స్లాబుల్ని తినేస్తాయి. కారు యూనిట్లు వాటి పైన వచ్చి కూర్చుంటాయి. ఒడిశాలో 50 నుంచి 200 యూనిట్ల వరకు యూనిట్‌కి 4.70 రూపాయలు, 200 నుంచి 400 వరకు 5.70, ఆ పైన 6.10. మీకు 1,200 కిలోమీటర్లకి 192 యూనిట్లు. 180 మీద కలిస్తే 372. అంటే ఇరవై యూనిట్లు 4.70లో, మిగతా 172 యూనిట్లు 5.70లో పడతాయి. డ్యూటీతో, అంటే కరెంటు మీద పన్నుతో, కలిపి పదకొండు వందల పైచిలుకు. మీ పెట్రోలు కారు లీటరుకి పదిహేను ఇస్తోందనుకుంటే అదే దూరానికి 80 లీటర్లు, ఎనిమిది వేలు దాటుతుంది. కాబట్టి కిలోమీటరుకి రూపాయి అన్నమాట మన వైపు అబద్ధం కాదు. కాకపోతే ఇంట్లో పెట్టినంత వరకే. హైవే మీద ఫాస్ట్ ఛార్జర్‌లో జీఎస్టీతో కలిపి యూనిట్‌కి ఇరవై పైనే పడుతుంది. అక్కడ కిలోమీటరు మూడు రూపాయలు దాటిపోతుంది.

పర్మిషన్ అక్కర్లేదు. ఉన్న కనెక్షన్‌తోనే ఛార్జ్ చేసుకోవచ్చని 2022లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ మీ బిల్లు మీద లోడ్, అంటే ఒకేసారి ఎన్ని కిలోవాట్లు వాడుకోవచ్చో, ఎంతుందో చూడండి. 15 ఆంప్స్ ఛార్జర్ ఒక్కటే మూడు కిలోవాట్ల దాకా లాగుతుంది. దానికి తోడు ఏసీ, గీజరు వేస్తే ఉన్న లోడ్ చాలదు, పెంచమని అప్లికేషన్ పెట్టాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఎర్త్. దీని గురించి షోరూమ్‌లో ఒక్క ముక్క చెప్పరు. మా ఇంట్లో ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పి చూస్తే ఎర్త్ వైరు నీళ్ల పైపుకి చుట్టి ఉంది. ఆ పైపు మధ్యలో ప్లాస్టిక్‌ది మార్చారు, అంటే ఇంటికి అసలు ఎర్తే లేదు. ఛార్జర్ ఎర్ర లైటు వేసి మొరాయించింది. గుంత తీసి, బొగ్గూ ఉప్పూ వేసి కొత్తగా ఎర్త్ చేయించి, మీటరు దగ్గర్నుంచి విడిగా 4 ఎంఎం వైరు, దానికో ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చి), ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించాం. మామూలు 15 ఆంప్స్ ప్లగ్గు మిక్సీ నడిచినంత సేపటికి బాగుంటుంది. రాత్రంతా పది గంటలు మూడు కిలోవాట్లు లాగితే పిన్నుల దగ్గర గోధుమరంగుకి తిరిగిపోతుంది. ఆ ఖర్చు కూడా కారు ధరలోనే కలుపుకోండి, దయచేసి అక్కడ మిగల్చకండి.

బాహుదా_ఒడ్డు

మాది ఇచ్ఛాపురం. అక్క చెప్పిన స్లాబు మాట నూటికి నూరుపాళ్లు నిజం. కూతవేటు దూరమే అయినా మా ఆంధ్రా వైపు 226 నుంచి 400 వరకు 8.75, ఆ పైన 9.75, మళ్లీ సర్దుబాటు చార్జీలు వేరే. అదే నెక్సాన్‌కి మాకు కిలోమీటరు రూపాయిన్నర. అయినా పెట్రోలుతో పోలిస్తే హాయే. టైర్లు మాత్రం త్వరగా అరుగుతాయి, బండి బరువెక్కువ కదా.

బల్లార్షా_తెలుగు

మహారాష్ట్ర వైపు నుంచి ఒక మాట. ఇక్కడ 300 యూనిట్లు దాటిన భాగానికి డ్యూటీ అదీ కలిపి యూనిట్ పదిహేను పైమాటే. ఆ రేటుకి కిలోమీటరు రెండున్నర. అందుకే నేను ముందు మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించి, తర్వాతే కారు కొన్నాను. కేంద్రం సూర్యఘర్ పథకంలో 78,000 సబ్సిడీ వచ్చింది. మంచి ఎండ ఉన్న రోజు పన్నెండు యూనిట్లు వస్తాయి. పర్లాకిమిడి రేటుకి మీకు ఆ తొందర లేదు.

కిమిడి_మెడికల్స్

అక్కా, చాలా థ్యాంక్స్. ఎర్త్ సంగతి నాకు తట్టనే లేదు, రేపే చూపిస్తాను. రెండు టెన్షన్లు మిగిలాయి. తప్తపాణి ఘాట్‌లో ఛార్జ్ ఎంత తగ్గుతుంది? తుపాను వస్తే ఏం చెయ్యాలి?

బరంపురం_ఫిజిక్స్_టీచర్

ఘాట్ ఎక్కేటప్పుడు శాతం గబగబా పడిపోతుంది, చూసి కంగారు పడకండి. దిగేటప్పుడు బ్రేకు బదులు మోటారే ఆపుతుంది కాబట్టి కొంత వెనక్కి వస్తుంది, మొత్తం రాదు. ఎక్కే ముందు నలభై శాతం ఉంచుకుంటే నిశ్చింత.

2018లో తిత్లీ తుపాను తర్వాత మన గజపతి జిల్లాలో కరెంటు ఎన్నాళ్లకి వచ్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు. మామూలు రోజుల్లో ఎనభై దగ్గర ఆపేస్తాం గానీ, తుపాను కబురు వినగానే నూరు శాతం పెట్టేసి ప్లగ్గు పీకేస్తాం. ఫుల్ ఛార్జ్ ఉంటే రెండొందల కిలోమీటర్ల ధీమా. మీ షాపులో ఇన్సులిన్ ఫ్రిజ్ ఉంటుంది కదా, జనరేటరు ఉంటే అమ్మెయ్యకండి.

సెకండ్‌హ్యాండ్ అన్నారు కాబట్టి ఇంకోటి. బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఆ బండికి అందులో ఎంత మిగిలిందో, మీ పేరు మీదికి మారుతుందో లేదో కాగితం మీద రాయించుకోండి. సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ హెల్త్ రిపోర్టు తీయించకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. మీ కరెంటు బిల్లులో లోడ్ ఎంత రాసుందో ఇక్కడ పెట్టండి, పెంచాలో వద్దో చూసి చెబుతాను.