ఇస్రో సైంటిస్ట్/ఇంజినీర్ ‘ఎస్‌సి’ ఇంటర్వ్యూ: మెకానికల్ వారు ఏమేమి చదువుకొని వెళ్లాలి?

కాకినాడ అమ్మాయి:
అందరికీ నమస్కారం. నేను మెకానికల్‌లో బీటెక్ పూర్తిచేసి ఒక ప్రైవేటు సంస్థలో, డిజైన్ విభాగంలో పనిచేస్తున్నాను. ఇస్రో ‘ఎస్‌సి’ గ్రేడు (ఇది ఉద్యోగ స్థాయి పేరు, కులవర్గం కాదు) రాత పరీక్షలో నెగ్గి ఇంటర్వ్యూకు ఎంపికయ్యాను. ఉద్యోగం చేస్తూ నాలుగేళ్ల సబ్జెక్టులన్నీ మళ్లీ తిరగేయడం నాకు సాధ్యమయ్యేలా లేదు. బోర్డు సభ్యులు ఏ సబ్జెక్టు నుంచైనా అడుగుతారా, లేక మనకు నచ్చినవి చెప్పుకోనిస్తారా? రాకెట్ల గురించి ఎంత లోతుగా తెలిసి ఉండాలి? పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివినందువల్ల ఇంగ్లీషులో తడబడతానేమోనన్న బెంగ కూడా ఉంది. అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

తిరువనంతపురం ఇంజినీరు:
అభినందనలండీ. సాధారణంగా మీ గురించి, ప్రాజెక్టు గురించి రెండు మాటలు అడిగి, ఇష్టమైన సబ్జెక్టులేవో చెప్పమంటారు. మీరు చెప్పే ఆ రెండు మూడు పేర్ల మీదనే మిగతా సమయమంతా నడుస్తుంది కాబట్టి, సులువుగా ఉంటుందని కాక, పునాది నుంచి నిరూపించగలనన్న ధైర్యమున్న సబ్జెక్టులనే చెప్పండి.

స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ అన్నారనుకోండి. లోపల పీడనమున్న పలుచని సిలిండర్ బొమ్మ గీయమంటారు. హూప్ స్ట్రెస్ (గోడ చుట్టూ పనిచేసే ఒత్తిడి) పొడవు దిశలోని స్ట్రెస్‌కు రెట్టింపని సూత్రం అప్పజెప్పితే చాలదు. సిలిండర్‌ను ఒకసారి నిలువునా, ఒకసారి అడ్డంగా కోసినట్టు గీసి, పీడనం వల్ల పుట్టే బలాన్ని గోడ మోసే బలంతో సమానం చేసి, ఆ రెట్టింపు ఎలా వచ్చిందో కాగితం మీద చూపించాలి. అది చూపించాక, ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ మోటారు కేసు కూడా 2.8 మీటర్ల వ్యాసమున్న ఇలాంటి సిలిండరే కదా, దానికి మారేజింగ్ ఉక్కు (చాలా బలమైన ప్రత్యేక ఉక్కు) ఎందుకు, మామూలు ఉక్కుతో గోడ మందం పెంచితే పోయేదేమిటి అని అడగవచ్చు. అక్కడి నుంచి ఆ కేసు ముక్కలను కలిపే కీళ్లకు, వాటిలోని ఓ-రింగులకు (వాయువు కారకుండా ఆపే రబ్బరు వలయాలకు), 1986 జనవరిలో చలికి సాగే గుణం తగ్గిన ఓ-రింగు వల్ల కూలిపోయిన అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ దగ్గరకు సంభాషణ వెళ్లవచ్చు. ఈ వరుసలో రాకెట్ల పేర్లు వచ్చినా, అడిగిందంతా కాలేజీలో చదివిన పాఠమే. ఇస్రో భారీ రాకెట్ ఎల్‌వీఎం3లో రెండు ఎస్200 ఘన మోటార్లు, ఎల్110 ద్రవ దశ, సీ25 క్రయోజెనిక్ (అతిశీతల ఇంధనంతో నడిచే) దశ ఉంటాయన్న మేరకు వాహనాల నిర్మాణం తెలిసి ఉంటే ఆ వైపు నుంచి చాలు.

ఫ్లూయిడ్ మెకానిక్స్ లేదా థర్మోడైనమిక్స్ చెప్పేవారు నాజిల్‌ను (ఇంజన్ నుంచి వేడి వాయువు బయటకు దూసుకొచ్చే గొట్టాన్ని) మాత్రం వదలకూడదు. ధ్వని వేగాన్ని దాటిన వాయువు వెడల్పయ్యే భాగంలో ఇంకా వేగం ఎందుకు పుంజుకుంటుందో, అంటే వేగం పెరిగే దానికంటే సాంద్రత తొందరగా పడిపోవడమే కారణమని, సమీకరణంతో చూపగలగాలి. పై దశ ఇంజన్‌కు నాజిల్ ఎందుకంత పెద్దదో దాని వెనుకే అడుగుతారు.

విశ్రాంత ఆచార్యుడు, వరంగల్లు:
అమ్మా, ఇంగ్లీషు గురించి ఒక మాట. బోర్డులో కూర్చునేవారు ఇంజినీర్లు. వారు చూసేది వాక్యం అందాన్ని కాదు, ఆలోచన వరుసను. మార్కుల్లో పెద్ద వాటా సబ్జెక్టు పరిజ్ఞానానిదే. మాట తట్టనప్పుడు కాగితం అడిగి బొమ్మ గీయండి, బలాలు గుర్తించండి, గీస్తూ చిన్న చిన్న వాక్యాలతో చెప్పండి. జవాబు తెలియనప్పుడు సభ్యులు తరచు ఒక సూచన అందిస్తారు. దాన్ని పట్టుకొని పైకి వినిపించేలా ఆలోచించే అభ్యర్థిని వారు ఎంతో ఇష్టంగా వింటారు. నా విద్యార్థుల్లో చాలామంది మౌనంగా ఉండిపోవడం వల్లే నష్టపోయారు, తెలియకపోవడం వల్ల కాదు. రోజూ ఒక ప్రశ్న తీసుకొని, ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి, ఇంగ్లీషులో చెప్పి చూడండి.

గుంటూరు మిత్రుడు:
ధ్రువపత్రాల సంగతి ఎవరూ చెప్పలేదు. మీరు బీసీ వర్గానికి చెందినవారైతే, రాష్ట్రంలో ఏ, బీ, సీ, డీ, ఈ అని ఇచ్చే పత్రం ఇక్కడ సరిపోదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో, క్రీమీలేయర్‌లో లేరని తెలిపే ఓబీసీ పత్రం కావాలి. అది తహసీల్దారు కార్యాలయం నుంచి రావడానికి సమయం పడుతుంది కాబట్టి ఈ వారమే దరఖాస్తు చేయండి. ప్రభుత్వ సంస్థల్లో పనిచేసేవారైతే నిరభ్యంతర పత్రం కూడా తీసుకెళ్లాలి.

కాకినాడ అమ్మాయి:
అందరికీ కృతజ్ఞతలు. ఓబీసీ పత్రానికి రేపే వెళ్తాను. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ చెప్పాలనుకుంటున్నాను. ఉద్యోగంలో చేస్తున్నది డిజైనే కనుక మెషిన్ డిజైన్ కూడా కలపవచ్చా?

తిరువనంతపురం ఇంజినీరు:
తప్పకుండా కలపండి. చేస్తున్న పనిని పక్కన పెడితే ఎందుకు పెట్టారని వారే అడుగుతారు. అయితే సాఫ్ట్‌వేర్‌లో రంగుల్లో కనిపించే స్ట్రెస్ విలువ సరైనదేనని చేతి లెక్కతో ఎలా నిర్ధారించుకుంటారన్న ప్రశ్నకు సిద్ధంగా ఉండండి. డిజైన్ ఉద్యోగం నుంచి వచ్చేవారికి నేనైతే మొదట అడిగేది అదే. బోల్టును ముందుగా బిగించి ఉంచితే ఫెటీగ్ (పదేపదే పడే భారం వల్ల లోహం బలహీనపడటం) ఆయుష్షు ఎందుకు పెరుగుతుందో కూడా చూసుకోండి. హీట్ ట్రాన్స్‌ఫర్‌లో రేడియేషన్ అధ్యాయాన్ని దాటవేయకండి, ఎందుకంటే శూన్యంలో చుట్టూ గాలి ఉండదు కాబట్టి ఉపగ్రహం తన వేడిని రేడియేషన్ ద్వారానే బయటకు పంపాలి. ఒక పలక సూర్యుని వైపు, మరొకటి చీకటి వైపు ఉన్నప్పుడు వాటి ఉష్ణోగ్రతలు ఎలా లెక్కించాలో ఒకసారి చేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.