యుద్ధం మనిషి నెత్తుట్లోనే ఉందా?

కృష్ణలంక వాసి:
మొన్న విజయవాడలో మిత్రుల మధ్య ఈ వాదం తెగలేదు. ఉందనే అంటాను. సూడాన్‌లో నైలు ఒడ్డున జెబెల్ సహాబా శ్మశానంలో 61 అస్థిపంజరాలు దొరికాయి. దాదాపు 13,000 ఏళ్ల నాటివి. చాలావాటి మీద ఈటె, బాణపు దెబ్బలు. అప్పటికి రాజు లేడు, గట్టు తగాదాకు పొలమూ లేదు. మరి ఎవరు నేర్పినట్టు?

కారంపూడి మనవడు:
ఆ ఎముకలను మళ్లీ పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించారు. కొన్ని గాయాలు మానిన తర్వాత మళ్లీ దెబ్బలు తిన్నారట. అంటే కొట్లాట ఒక్కసారితో పోలేదు. ఇది మీ వాదానికే బలం, ఒప్పుకుంటాను. కానీ అప్పట్లో వాతావరణం తారుమారై తిండికి పోటీ పెరిగి ఉంటుందని కూడా ఆ పరిశోధకులే అన్నారు.

సంక్రాంతికి బరి పక్కన నిలబడి చూసినవాణ్ణి. పుంజుకు పొగరు పుట్టుకతోనే వస్తుంది. అయినా దించేముందు రెండింటినీ చేతుల్లో పట్టుకుని ముక్కూ ముక్కూ ఆనించి రెచ్చగొడతారు. కాలికి కత్తి పెట్టి దారం చుట్టి బిగించడానికి వేరే మనిషి, అతనికి వేరే కూలి. పందెం కాసేది మరొకరు. ఈ సరంజామా ఏదీ లేకపోతే చాలాసార్లు నాలుగు ఈకలు రాల్చుకుని ఎవరి పెంటకుప్ప మీదకు అవి పోతాయి. మనుషుల సంగతీ చూడండి: బ్రిటన్ 1916లో నిర్బంధ సైనిక చట్టం తెచ్చింది. ఆకలికి, నిద్రకు ఎవరైనా చట్టం చేశారా?

అరండల్‌పేట:
టాంజానియాలోని గోంబేలో 1974 నుంచి 1978 దాకా ఒక చింపాంజీల గుంపు, తమలోంచి విడిపోయిన గుంపులోని మగవాటిని ఒక్కొక్కటిగా చంపింది. వాటికి కత్తి ఎవరు కట్టారండీ?

కారంపూడి మనవడు:
గట్టి ప్రశ్నే. అయితే చింపాంజీల్లాంటి వానరాలే బొనోబోలు; అవీ మనకు అంతే దగ్గరి చుట్టాలు, వాటిలో అలాంటి దండయాత్రలు ఎవరూ చూడలేదు. ఒక్క చుట్టాన్నే చూసి ఇంటి గుణం తేల్చేస్తామా? మా కారంపూడిలో కార్తీకంలో పల్నాటి వీరులకు అయిదు రోజుల ఉత్సవం. అందులో కోడిపోరుకు ఒక రోజుంటే రాయబారానికీ ఒక రోజుంది. మందపోరు నాడు అన్ని కులాలూ ఒకే చాప మీద కూర్చుని తింటాయి. మనవాళ్లు కత్తినొక్కదాన్నే గుర్తుపెట్టుకోలేదు.

కృష్ణలంక వాసి:
పల్నాటి కథలో రాయబారం వెళ్లిన అలరాజుకు విషం పెట్టారు కదండీ. అది ఏ ఖాతాలో రాస్తారు?