మిడత ఫ్లై (గాలానికి మిడతలా కట్టిన ఉత్తుత్తి ఎర) వేస్తే ట్రౌట్ చేప చూసి వెళ్ళిపోతోంది, ఏం మార్చాలి?

ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్. అమెరికాలో మోంటానా రాష్ట్రం బోజ్‌మన్ దగ్గర గాలటిన్ నదిలో ఫ్లై ఫిషింగ్ చేస్తుంటా, ఆగస్టు కదా, గాలి లేచాక గడ్డిలోంచి మిడతలు నీళ్ళల్లో పడుతున్నాయి, అందుకే 8 నంబర్ ఫోమ్ హాపర్ (ఫోమ్‌తో చేసిన, నీళ్ళ మీద తేలే మిడత ఫ్లై) ఒడ్డుకి ఆనించి వేస్తున్నా, చేప పైకొచ్చి ముక్కు ఆనించినంత పని చేసి తిరిగిపోతోంది. సైజు తగ్గించి 12 (నంబర్ పెరిగేకొద్దీ ఫ్లై చిన్నది) వేయాలా లేక 16 నంబర్ నల్ల చీమ ఫ్లైకి మారిపోవాలా? టిప్పెట్ (ఫ్లై కట్టే చివరి సన్న దారం) మందం 4ఎక్స్, ఇంకా సన్నం చేస్తే ఆ లావు ఫ్లైకి మెలికలు పడుతుందేమో. హాపర్ కింద చిన్న నింఫ్ (నీళ్ళ లోపల మునిగే పురుగులాంటి ఫ్లై) కట్టమంటారు గానీ నాకు పైన తినేదే చూడాలని ఉంది (పిచ్చి అనుకోండి). ఇంకోటి, నీళ్ళు వరసగా 3 రోజులు 73 ఫారన్‌హీట్ తాకితే మోంటానాలో మధ్యాహ్నం 2 నుంచి అర్ధరాత్రి దాకా చేపలు పట్టకుండా ఆపేయొచ్చు, మరి పొద్దునే పట్టాలంటే చలికి మిడతలు కదలవు, అప్పుడు బీటిల్ (పెంకుపురుగు) ఫ్లై పనిచేస్తుందా?