బాండింగ్: కేబుల్ తీస్తే ఇబ్బంది లేదు, స్విచ్ తిరిగి లేచినప్పుడే అరనిమిషం ఆగుతోంది

ప్రశ్న:
మా సర్వర్లలో రెండేసి నెట్‌వర్క్ కార్డులను యాక్టివ్-బ్యాకప్ పద్ధతిలో (ఒకటి పనిచేస్తుంటే రెండోది సిద్ధంగా ఉండేలా) ఒక బాండ్‌గా కలిపి, దానిపై బ్రిడ్జిని (సాఫ్ట్‌వేర్ స్విచ్‌ను) పెట్టి, వర్చువల్ మెషీన్లను ఆ బ్రిడ్జికి తగిలించాము. కార్డులు వేర్వేరు స్విచ్‌లకు వెళ్తాయి. లింకును ఎంత తరచుగా పరీక్షించాలో చెప్పే ఎమ్‌ఐఐమాన్ విలువ 100 మిల్లీసెకన్లు, మొదటి కార్డు ప్రైమరీ (మొదటి ప్రాధాన్యం దానిదే). మొదటి కేబుల్ తీసినా, మొదటి స్విచ్‌ను రీబూట్ చేసినా ట్రాఫిక్ వెంటనే రెండో దారికి మారుతోంది. అయితే ఆ స్విచ్ తిరిగి లేచిన తరువాత దాదాపు 30 సెకన్లు ఏదీ పలకడం లేదు. అంతకంటే వింతగా, పెద్దగా ట్రాఫిక్ లేని ఒక మెషీన్ మాత్రం తానుగా ఏదో ఒకటి పంపేవరకు, కొన్నిసార్లు నిమిషాల తరబడి, బయటి పింగ్‌కు స్పందించడం లేదు. లోపం ఎక్కడ ఉందంటారు?

జవాబు 1:
లింకులను కలిపి వాడే ఎల్ఏసీపీ ప్రోటోకాల్‌కు మారి చూడండి. రెండు లింకులూ ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి ఈ మార్పిడి గొడవే ఉండదు.

జవాబు 2:
పై సలహాతో నేను ఏకీభవించలేను. రెండు స్విచ్‌లు ఎమ్‌లాగ్ వంటి ఏర్పాటుతో ఒకటిగా కనిపించకపోతే, ఎల్ఏసీపీలో రెండు కార్డులూ వేర్వేరు అగ్రిగేటర్లలో (లింకుల గుంపుల్లో) పడి, వాటిలో ఒకటే పనిచేస్తుంది.

అసలు చిక్కు వెనక్కి మారడంలో ఉంది. ఎమ్‌ఐఐమాన్ చూసేది లింకు లేచిందా లేదా అన్నది మాత్రమే. స్విచ్ పోర్టు ఫ్రేములను (డేటా ముక్కలను) ముందుకు పంపుతోందా అన్నది దానికి తెలియదు. నెట్‌వర్క్‌లో లూపులు రాకుండా స్విచ్‌లు వాడే స్పానింగ్ ట్రీ పాత రకంలో, లేచిన పోర్టు లిజనింగ్‌లో 15, లెర్నింగ్‌లో 15 సెకన్లు గడుపుతుంది. ప్రైమరీకి ఎప్పుడు తిరిగి వెళ్లాలో చెప్పే ప్రైమరీ రీసెలెక్ట్ అమరిక డిఫాల్ట్‌గా ఆల్వేస్ (ఎల్లప్పుడూ) కనుక, లింకు కనబడగానే బాండ్ ఇంకా తెరుచుకోని ఆ పోర్టుకే ట్రాఫిక్‌ను అప్పగిస్తోంది. మీ 30 సెకన్లు ఇవే.

రెండో లక్షణానికి కారణం వేరు. మారిన ప్రతిసారీ బాండ్ గ్రాచ్యుటస్ ఏఆర్‌పీ (చిరునామా ఎక్కడుందో ఎవరూ అడగకుండానే చేసే ప్రకటన) పంపుతుంది కానీ, అది హోస్టు సొంత చిరునామాలకే. బ్రిడ్జి వెనుక ఉన్న మెషీన్ల తరఫున పంపదు. రెండో స్విచ్ ఆ మెషీన్ మ్యాక్ (నెట్‌వర్క్ కార్డు) చిరునామాను పాత పోర్టులోనే గుర్తుంచుకుంటుంది (చాలా స్విచ్‌లలో ఈ గడువు 300 సెకన్లు). అటు వచ్చిన ఫ్రేములు ఇప్పుడు బ్యాకప్‌గా ఉన్న కార్డుకు చేరితే, డ్రైవర్ వాటిని పారేస్తుంది.

ప్రైమరీ రీసెలెక్ట్‌ను ఫెయిల్యూర్‌గా మార్చండి. ప్రస్తుత లింకు పడిపోతే తప్ప బాండ్ వెనక్కి వెళ్లదు. లేచిన లింకును వాడేముందు ఆగే సమయమైన అప్‌డిలేను 60,000 మిల్లీసెకన్లుగా పెట్టండి. అది ఎమ్‌ఐఐమాన్‌కు గుణిజం కాకపోతే కిందికి సవరించబడుతుంది. సర్వర్లకు వెళ్లే పోర్టులను స్విచ్‌లలో ఎడ్జ్ పోర్టులుగా (స్పానింగ్ ట్రీ నిరీక్షణ లేకుండా వెంటనే తెరుచుకునేవిగా) ప్రకటించండి. కానీ బీపీడీయూ గార్డ్ (స్పానింగ్ ట్రీ సందేశం వస్తే పోర్టును మూసే రక్షణ) ఉంటే ముందుగా హోస్టు బ్రిడ్జిలో స్పానింగ్ ట్రీని ఆపండి, లేకుంటే పోర్టే మూతపడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మీరు చెప్పిన మొదటి రెండు మార్పులు చేసి స్విచ్‌ను మళ్లీ రీబూట్ చేశాము. ఒక్క పింగ్ కూడా పోలేదు, ఆ మెషీన్ కూడా మాట్లాడుతూనే ఉంది. ఎడ్జ్ పోర్టుల పని నెట్‌వర్క్ బృందం చేతిలో ఉంది. ఈలోగా రెండు స్విచ్‌లూ ఒకేసారి పడి లేస్తే, నిమిషం పాటు అప్‌డిలే మమ్మల్ని కూర్చోబెడుతుందా?

జవాబు 2:
కూర్చోబెట్టదు. పనిచేస్తున్న లింకు ఒక్కటీ లేనప్పుడు బాండ్ అప్‌డిలేను పక్కనపెట్టి, ముందుగా లేచిన లింకును వెంటనే వాడుకుంటుంది. అయితే ఆ సందర్భంలో స్పానింగ్ ట్రీ 30 సెకన్లు మీకు తప్పవు. ఎడ్జ్ పోర్టుల పనిని అందుకే వాయిదా వేయవద్దు.