కొత్తవాళ్లకి కమిట్ యాక్సెస్ (కోడ్‌లో నేరుగా మార్పులు చేసే హక్కు) ఎప్పుడు ఇవ్వాలి? మా అను–యూనికోడ్ కన్వర్టర్ విషయంలో సలహా కావాలి

పటమట_కోడర్

అందరికీ నమస్తే. మాది విజయవాడ. ఇక్కడ గవర్నరుపేట, సూర్యారావుపేట డీటీపీ సెంటర్లలో పాత పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు అన్నీ అను అనే పాత డీటీపీ ఫాంట్లలోనే ఉండిపోయాయి. వాటిని యూనికోడ్‌లోకి (ఇప్పుడు ఫోన్లు, వెబ్‌సైట్లు వాడే అక్షరాల పద్ధతి) మార్చే చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఒకటి నేనూ మా ఫ్రెండూ నాలుగేళ్ల కిందట మొదలుపెట్టాం. వాడికి ఉద్యోగం మారాక టైం దొరకట్లేదు, ఇప్పుడు మెర్జ్ చేసేది, అంటే వచ్చిన మార్పుల్ని అసలు కోడ్‌లో కలిపేది నేనొక్కణ్ణే.

ఏడు నెలలుగా ఒక అబ్బాయి ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపుతున్నాడు. గుంటూరులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. పదకొండు పీఆర్‌లు (పుల్ రిక్వెస్టులు, అంటే ఈ మార్పు కలపండి అని పంపేవి) మెర్జ్ అయ్యాయి, అందులో ఒకదాని గురించి చెప్పాలి. పాత ఫాంట్లలో అక్షరాలు కంటికి కనిపించే వరసలో ఉంటాయి కదా, 'స్థితి' అంటే ముందు 'సి', తర్వాత థ వత్తు. యూనికోడ్‌లో గుడి ఆ వత్తు తర్వాత రావాలి. ఒక వత్తు వరకు మా కోడ్ బాగానే సర్దేది కానీ రాష్ట్రం, వస్త్రం, శాస్త్రి లాంటి రెండు వత్తుల మాటలొస్తే తడబడేది. మూడేళ్లుగా ఆ బగ్ అలాగే పడి ఉంది. అతను దాన్ని సరిచేయడమే కాకుండా అలాంటి 140 మాటలు ఏరి టెస్ట్ ఫైల్ కూడా రాసిచ్చాడు.

పోయిన నెల "అన్నా, మెర్జ్ యాక్సెస్ ఇస్తారా, ప్రతిదానికీ మీరు చూసేదాకా ఆగాల్సి వస్తోంది" అని అడిగాడు. నాకు ఇవ్వాలనే ఉంది. మా ఫ్రెండ్ ఏడాది నిండాలి, పాతిక పీఆర్‌లు కావాలి అంటున్నాడు. దీన్ని వాడే ప్రెస్సులు ఉన్నాయి, ఏదైనా తేడా వస్తే వాళ్ల పుస్తకం మొత్తం తప్పులతో అచ్చవుతుంది, నా టెన్షన్ అదే. మీరైతే ఏం చూసి ఇస్తారు?

బ్రాడీపేట_4వ_లైను

పీఆర్‌లు లెక్కపెట్టడం దగ్గరే ఆగిపోకండి. మా నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు గుమాస్తాగా ముప్ఫై ఏళ్లు చేశారు. కొత్త కుర్రాడు చేరితే ముందు కాటా దగ్గర నిలబెట్టేవారు, టిక్కీల (మిర్చి బస్తాల) బరువు చూసి చీటీ రాయడం ఒక్కటే పని. ఖాతా పుస్తకం ముట్టుకోనిచ్చేది చాలా రోజులకి, గల్లా తాళం ఇంకా చాలా రోజులకి. ఎన్నాళ్లకి ఇస్తారు నాన్నా అని అడిగితే రోజుల్లో చెప్పేవారు కాదు. "చీటీలో బరువు తప్పు రాశాక వాడే వచ్చి చెప్పాడా, చించి జేబులో పెట్టుకున్నాడా, అది చూస్తా" అనేవారు.

కాబట్టి రెండు సంగతులు చెప్పండి. ఆ అబ్బాయి ప్యాచ్ వల్ల ఎప్పుడైనా ఏదైనా పాడైందా, అప్పుడు ఏం చేశాడు? మీరు వద్దన్న పీఆర్ ఏదైనా ఉందా, దానికి ఎలా మాట్లాడాడు? పదకొండూ ఒప్పుకున్నవే అయితే ఆ మనిషి గురించి మీకు ఇంకా సగమే తెలుసు.

రూట్_వద్దు

ఓపికగా పనిచేశాడు, మర్యాదగా మాట్లాడాడు అన్నంత మాత్రాన నమ్మకం కుదరదని 2024లో ఎక్స్‌జెడ్ (లినక్స్‌లో ఫైళ్లు కుదించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) విషయంలో చూశాం కదండీ. జియా టాన్ పేరుతో ఉన్న ఖాతా నుంచి 2021లో ప్యాచ్‌లు మొదలయ్యాయి. 2022లో వేరే పేర్లతో కొందరు మెయిలింగ్ లిస్టులో చేరి, పనులు ఆలస్యమవుతున్నాయి, ఇంకో మెయింటెయినర్‌ని (ప్రాజెక్టు చూసుకునే మనిషిని) పెట్టండి అని దాన్ని ఒక్కడే నడుపుతున్న ఆయన మీద ఒత్తిడి తెచ్చారు. ఆయన అప్పటికే అలసిపోయి ఉన్నాడు. చివరికి జియా టాన్ ఖాతాకే హక్కులు దక్కాయి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ (దొంగచాటుగా లోపలికి రావడానికి దారి) వచ్చింది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ పట్టుబట్టి వెతికాడు కాబట్టి బయటపడింది.

ఇందులో మీకు పనికొచ్చేది ఇంకోటి ఉంది. అసలు సరుకుని టెస్ట్ ఫైళ్లలో దాచారు, దాన్ని బిల్డ్‌లోకి లాగే స్క్రిప్టు మాత్రం గిట్ రిపోలో (అందరూ చూసే కోడ్ నిల్వలో) లేదు, విడుదల చేసిన టార్‌బాల్‌లోనే (కోడ్ అంతా కట్టిన ఫైల్‌లోనే) ఉంది. అంటే రిపోలో మెర్జ్ చేయడం ఒక తాళం, రిలీజ్ చేయడం ఇంకో తాళం, రెండూ ఒకేసారి ఒకే మనిషి చేతిలో పెట్టకండి. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీని దాని రచయిత అడిగినవాడికి మొత్తంగా అప్పగించేశాడు, ఆ కొత్త మనిషి చేర్చిన ప్యాకేజీలో బిట్‌కాయిన్ వాలెట్లు దోచే కోడ్ ఉంది. మీ అబ్బాయివి చదివితే అర్థమయ్యే తెలుగు మాటలు, ఇబ్బంది లేదు. రేపు ఎవరైనా బైనరీ టెస్ట్ ఫైల్ పంపితే మాత్రం ఎలా తయారుచేశారో అడగకుండా తీసుకోవద్దు.

సున్నావెడల్పు

పై మాటలన్నీ నిజమే, కానీ భయంతో ఆలస్యం చేస్తే జరిగే నష్టం గురించి ఎవరూ అనట్లేదు. నాకు రెండూ అనుభవమే.

నా ప్రాజెక్టు తెలుగు స్పెల్‌చెకర్. చేరిన మూడు వారాలకే ఒకరికి యాక్సెస్ ఇచ్చాను. కనిపించని అక్షరాలు చెత్త అనుకుని ఒక రాత్రి డేటా మొత్తంలో జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరం వత్తుగా మారకుండా ఆపే కనిపించని అక్షరం) తీసేశారు. 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అయిపోయింది, ట వత్తుతో పాటు వ కూడా వత్తు అయిపోయింది! నిఘంటువులో అలాంటి మాటలు వందల్లో ఉంటే అన్నీ పోయాయి. ఆయన మంచి మనసుతోనే చేశారు, అలాంటి మార్పుని ఆపే ఒక్క టెస్ట్ కూడా నేను రాసి పెట్టుకోలేదు. గిట్‌లో వెనక్కి తిప్పుకోవడం పది నిమిషాల పని, అందుకే కమిట్ యాక్సెస్ అంటే నాకు అంత భయం లేదు.

రెండోది వెనక్కి తిప్పుకోలేనిది. ఆ దెబ్బతో ఇంకో అమ్మాయిని ఏడాదిన్నర ఆపాను. చాలా మంచి పని చేసేది. ఒక రోజు నుంచి పీఆర్‌లు ఆగిపోయాయి, మెయిల్ పెడితే "నా పని మీకు అంత అవసరం లేదనిపించిందండీ" అని రాసింది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. 2013లో ఫీలిక్స్ గైసెన్‌డోర్ఫర్ అనే ప్రోగ్రామర్ ఎవరైనా పుల్ రిక్వెస్ట్ పంపితే వెంటనే కమిట్ యాక్సెస్ ఇచ్చేయండి అని రాశాడు, తనదన్న భావం వస్తే మనిషి ఇంకా శ్రద్ధగా చేస్తాడని. నేను అంత దూరం వెళ్లను కానీ ఏడు నెలలు, పదకొండు పీఆర్‌లు అంటే చాలా ఎక్కువే. ఇచ్చేయండి.

కృష్ణలంక_కెర్నల్

ఒక చిన్న మాట. అపాచీ అనే ఓపెన్ సోర్స్ సంస్థ ప్రాజెక్టుల్లో కొత్త కమిటర్ (కమిట్ యాక్సెస్ ఉన్న మనిషి) గురించి చర్చ, ఓటు ప్రైవేట్ లిస్టులో జరుగుతాయి, ఒకవేళ కాదన్నా ఆ మనిషి నలుగురిలో చిన్నబోకుండా. మీరూ మీ ఫ్రెండూ ముందు విడిగా మాట్లాడుకుని తేల్చుకోండి, పబ్లిక్ ఇష్యూలో వాదించుకోవద్దు. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులో అయితే కమిట్ బిట్ (అదే కమిట్ యాక్సెస్) ఇచ్చాక కూడా ఒక మెంటర్ ఉంటాడు, కొన్నాళ్లు ఆయన సరే అన్నాకే కమిట్ చేయాలి.

మీ రిపో పర్సనల్ అకౌంట్ కింద ఉంటే ముందు గిట్‌హబ్ ఆర్గనైజేషన్‌లోకి మార్చండి. పర్సనల్‌లో కొలాబరేటర్‌కి నేరుగా రైట్ యాక్సెస్ వెళ్లిపోతుంది, ఆర్గనైజేషన్‌లో ట్రయేజ్ (ఇష్యూలు సర్దడం వరకే), రైట్ (కోడ్ మార్చడం), మెయింటెయిన్ (రిపో నిర్వహణ) అని మెట్లు ఉంటాయి.

పటమట_కోడర్

అందరికీ చాలా థాంక్స్. @బ్రాడీపేట_4వ_లైను గారూ, మీరు అడిగాక పాతవన్నీ తిరగేశాను. ఆగస్టులో అతని ప్యాచ్ వల్ల 'ఘ' ఉన్న మాటలన్నీ దెబ్బతిన్నాయి. ప్రెస్ వాళ్లు ఫోన్ చేసేలోపే, రాత్రి పదకొండున్నరకి, రివర్ట్ పీఆర్ (ఆ మార్పుని వెనక్కి తీసే పీఆర్) తనే పెట్టి, ఏ లైన్‌లో పొరపడ్డాడో రాశాడు, దానికో టెస్ట్ కూడా జతచేశాడు. నేను అప్పుడు ఓకే కొట్టి వదిలేశాను, సరిగా చదవనే లేదు. వద్దన్న పీఆర్ కూడా ఒకటుంది, కన్వర్టర్‌కి వెబ్ పేజీ పెడదామన్నాడు, నేను మోయలేనన్నాను. "సరే అన్నా, నా రిపోలో పెట్టుకుంటా" అని అక్కడ పెట్టుకున్నాడు, ఇప్పటికీ నడుపుతున్నాడు.

ఒక్క డౌట్. రివ్యూ తప్పనిసరి అని బ్రాంచ్ ప్రొటెక్షన్ (అసలు కోడ్‌లో ఏది ఎలా చేరాలో చెప్పే గిట్‌హబ్ నియమాలు) పెడితే అతను మళ్లీ నా కోసమే ఆగాలి కదా?

రూట్_వద్దు

అన్నిటికీ పెట్టకండి. టెస్టులు పాస్ కావడం అందరికీ తప్పనిసరి చేయండి, మీకు కూడా. కోడ్‌ఓనర్స్ ఫైల్‌లో (ఏ ఫోల్డర్ ఎవరు చూడాలో రాసే ఫైల్) బిల్డ్, రిలీజ్ స్క్రిప్టుల ఫోల్డర్లకి మాత్రమే మీ పేరు పెట్టి, కోడ్ ఓనర్ ఆమోదం తప్పనిసరి చేయండి. మిగతాది అతని ఇష్టం. మెయిన్ బ్రాంచ్ మీద ఫోర్స్ పుష్ (పాత చరిత్రని చెరిపి రాయడం) ఎవరికీ వద్దు. మీ ఇద్దరివీ దగ్గర దగ్గర ఊళ్లే కదా, ఒకసారి కలవండి. డెబియన్ అనే లినక్స్ ప్రాజెక్టులో మనిషిని ఎదురుగా చూసి గుర్తింపు కార్డు చూశాకే అతని డిజిటల్ కీ మీద సంతకం పెట్టే అలవాటు ఊరికే రాలేదు.

పటమట_కోడర్

మా ఫ్రెండ్‌తో రాత్రి మాట్లాడాను, ఘ సంగతి చూపించాక ఒప్పుకున్నాడు. రైట్ యాక్సెస్ ఇస్తున్నాం, పైపీఐలో (పైథాన్ లైబ్రరీలు అందరికీ దొరికే చోట) రిలీజ్ చేసే హక్కు ప్రస్తుతానికి మా ఇద్దరి దగ్గరే ఉంటుంది, ఆ మాట అతనికి దాచకుండా చెప్తాను. ఆదివారం పొద్దున బస్సెక్కి గుంటూరు వస్తున్నా, లాప్‌టాప్ తెచ్చుకోమని అతనికి చెప్పాను. మొదటి మెర్జ్ నా ముందే అతని చేతే చేయిస్తా.