పూటకూళ్లమ్మలో ఉన్న కూడు

‘కన్యాశుల్కం’ మొదటిసారి చదువుతున్న ఒక తమ్ముడు నిన్న అడిగాడు: “పూటకూళ్లమ్మ అంటే డబ్బుకు భోజనం పెట్టే ఆవిడని తెలుసు. మరి ఈ కూళ్లు ఏంటన్నా? కూలీయా?”

కూలి కాదు తమ్ముడూ, కూడు. గూడు–గూళ్లు లాగే కూడు–కూళ్లు. పూటకింత అని తీసుకుని పెట్టే తిండి పూటకూళ్లు. పాత తెలుగు రచన ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు చూడ్డానికొచ్చిన మిత్రులకు రూకకు భోజనం దొరికేది పూటకూటింట్లోనే. “కోటి విద్యలు కూటికొరకే” అన్నప్పుడూ ఇదే మాట.

మన కడప వైపు దీనికి నిఘంటువు తెరవాల్సిన పని లేదు. బడి నుంచి రాగానే మా అవ్వ “కూడు తింటివా నాయనా?” అనేది. జవాబు చెప్పేలోపే సంగటి ముద్దలో బొటనవేలితో గుంట చేసి నెయ్యి పోసేది. టౌన్లో చదువుకున్నాక ఆ మాట మాకు మోటైపోయింది. ఇప్పుడు “కూడు దండగ” అని తిట్టడానికే మిగిలింది. నాకు చాలా బాధగా ఉంటుంది.

ఈ మాట పట్టుకుని ‘కన్యాశుల్కం’ చదివితే అందులోని గిరీశం మోసం ఎంత నీచమైనదో తెలుస్తుంది. ఇప్పుడు మనం చదివేది 1909లో గురజాడ తిరగరాసిన నాటకం. అది మొదలవడమే ఈ మోసంతో మొదలవుతుంది. సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్లి డాన్సింగ్ గర్ల్ కింద ఖర్చు పెట్టానని అతనే చెప్పుకుంటాడు. అవి పదిమందికి వండిపెట్టాల్సిన బియ్యం, పప్పుల డబ్బులు. ఆవిడ వితంతువు. వితంతువుల ఉద్ధరణ మీద లెక్చర్లిచ్చే మనిషి చెయ్యి పెట్టింది అలాంటి ఆవిడ కూటి సొమ్ములో. విజయనగరం పెద్దమనుషుల బూటకాన్ని గురజాడ ఇంత చిన్న లెక్కలో పట్టుకున్నాడు.

తర్వాత ఆవిడ చీపురు పట్టుకుని ఆ డాన్సింగ్ గర్ల్ మధురవాణి ఇంటికొస్తుంది. గిరీశం మంచం కింద దూరతాడు, దెబ్బ అక్కడే ముందే దాక్కున్న మరో విటుడు రామప్పంతులుకు పడుతుంది. స్టేజీ మీద అందరం పడీపడీ నవ్వే సీను అది. నేనూ నవ్వాను. కానీ డబ్బు పోగొట్టుకుని వచ్చిన ఆవిడను గయ్యాళిగా మాత్రమే ఆడిస్తే నాకు నచ్చదు. ఆ కోపం న్యాయమైనదని నటించే మనిషికి తెలిసుండాలి.

మా ఊళ్లో పూటకూళ్లు పోయి మెస్ వచ్చేసింది. అనంతపురం, కర్నూలు వైపు ముసలివాళ్ల నోట ఈ మాట ఎవరైనా విన్నారా? ఏ సందర్భంలో అన్నారో కూడా రాయండి.