టర్బో పోయిందంటున్నారు, 85 వేలు అడుగుతున్నారు: ఒప్పుకోవాలా?

ప్రశ్న, హనుమకొండ నుంచి

అన్నలందరికీ నమస్తే. నాది ఒక లీటరు, మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్ బండి, మాన్యువల్ గేరు. సెకండ్ హ్యాండ్‌లో కొని ఏడాదిన్నర అయింది. ఇప్పటికి 52,000 కిలోమీటర్లు తిరిగింది. మేడారం పోయి వచ్చేదాకా ఏ ఇబ్బందీ లేదు. జాతర రద్దీలో పస్రా దాటినాక నాలుగు గంటలు దుమ్ములోనే నత్తనడక నడిచాం. ఇంటికొచ్చాక బండి కడిగించి, ఎయిర్ ఫిల్టర్ మార్పించాను. ఆ వారం నుంచే పికప్ పడిపోయింది. ములుగు రోడ్డులో లారీని దాటుదామని తొక్కితే ఇంజన్ అరుస్తుంది కానీ బండి ముందుకు పోదు. 2,000 ఆర్‌పీఎం దాటగానే బానెట్ కింద నుంచి ‘స్‌స్‌స్’ మని గాలి చప్పుడు. మైలేజీ 16 నుంచి 12కి వచ్చింది. మీటర్‌లో పసుపు రంగు ఇంజన్ లైట్ వెలిగి ఆరట్లేదు.

షెడ్డులో చూపిస్తే బానెట్ ఎత్తి రెండుసార్లు రేజ్ చేసి, ‘టర్బో పోయింది, మొత్తం మార్చాలి, 85 వేలు’ అన్నారు. స్కానర్ పెట్టలేదు. ఆ డబ్బు నా మూడు నెలల జీతం, పైగా చెల్లె పెళ్లి దగ్గర పడింది. టెన్షన్‌తో రాత్రి నిద్ర పట్టట్లేదు. నిజంగానే టర్బో పోయిందా, ఇంకేమైనా అయి ఉంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు, కాజీపేట నుంచి

తమ్మీ, డబ్బులు ఇయ్యకు. బండిని ఇంకో చోట చూపించేదాకా ఆగు. నేను ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. పికప్ పడిపోయి, గాలి చప్పుడు వస్తూ, పొగ లేకుండా వచ్చిన బండ్లలో టర్బో బాగానే ఉండి గొట్టం దగ్గర లీకైనవే నేను ఎక్కువ చూశాను. నువ్వు పొగ సంగతి రాయలేదు. అది ముందు చెప్పు.

టర్బో ఏం చేస్తుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ఇంజన్ నుంచి బయటికి పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అటు చివర ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని లాగి, నొక్కి ఇంజన్‌లోకి పంపుతుంది. జోరుగా తొక్కినప్పుడు ఆ ఇరుసు నిమిషానికి లక్షన్నర చుట్లు కూడా దాటుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి ఇంటర్‌కూలర్‌లో చల్లార్చి సిలిండర్లకు పంపుతారు. గాలి ఎంత పోతే అంత పెట్రోల్ కాల్చొచ్చు, అంత బలం వస్తుంది. మారుతిలో 998 సీసీ ఇంజన్ టర్బో లేకుండా 89 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తే, అదే 998 సీసీతో టర్బో ఉన్నది 147.6 ఇస్తుంది. హ్యుందాయ్ ఒక లీటరు టర్బో 172, అదీ 1,500 ఆర్‌పీఎం నుంచే. ఇప్పుడు నీ బండిలో ఆ నొక్కిన గాలి ఇంజన్‌కు చేరకుండా మధ్యలో ఎక్కడో బయటికి పోతుందనుకో. నీ చేతిలో మిగిలేది టర్బో లేని చిన్న ఇంజనే. నువ్వు చెప్పిన లక్షణం అచ్చం అదే.

ముందు స్కానర్ పెట్టించు. స్టీరింగ్ కింద సాకెట్ ఉంటుంది, పది నిమిషాల పని. పి0299 అని కోడ్ వస్తే, ఉండాల్సినంత బూస్ట్, అంటే టర్బో నొక్కి పంపే గాలి ఒత్తిడి, లేదని అర్థం. ఆ కోడ్ చూసి ‘టర్బో పోయింది’ అని ఎవరైనా అంటే నమ్మకు. గాలి తక్కువ అందుతోందని మాత్రమే అది చెబుతుంది. ఎందుకు తక్కువో అందులో ఉండదు. కోడ్ చూశాక లైవ్ డేటాలో, ఇంజన్‌లోకి పోయే గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ రీడింగ్ చూడమను. తాళం ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకపోతే మన ఊళ్లో 96 నుంచి 98 కిలోపాస్కల్ మధ్య చూపించాలి, బయటి గాలి ఒత్తిడే అది. అక్కడే తేడా ఉంటే సెన్సర్‌ను అనుమానించాలి. అది సరిగ్గా ఉంటే ఒకళ్లు నడుపుతూ ఒకళ్లు స్కానర్ పట్టుకుని మూడో గేరులో పూర్తిగా తొక్కాలి. ఖాళీ రోడ్డు మీదే చేయండి. ఇంజన్ కంప్యూటర్ అడిగే బూస్ట్ ఎంత, నిజంగా వచ్చేది ఎంత అని రెండు అంకెలు పక్కపక్కనే కనబడతాయి.

తర్వాత గొట్టాలు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజన్‌లోకి గాలిని వదిలే మూత ఉండే థ్రాటిల్ బాడీకి పోయే గొట్టాలన్నీ వేళ్లతో తడిమి చూడు, ముఖ్యంగా కంటికి ఆనని కింది వైపు. లీకున్న చోట సన్నటి నూనె తడి ఉంటుంది, దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి మరక కడుతుంది. నువ్వు మేడారం దుమ్ములో పోయి వచ్చావు కాబట్టి ఆ మరక ఇంకా బాగా తెలుస్తుంది. చాలామంది ఇంజన్ ఐడిల్‌లో ఉంచి సబ్బునీళ్లు చల్లి, బుడగలు రాలేదు కాబట్టి లీకు లేదంటారు. అది తప్పు. ఐడిల్‌లో ఆ గొట్టంలో ఒత్తిడే ఉండదు, బుడగలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇంజన్ ఆపి, టర్బోలోకి గాలి పోయే మూతికి బిరడా బిగించి, టైర్లకు కొట్టే కంప్రెషర్‌తో కొద్దిగా గాలి ఎక్కించాలి. 10 పీఎస్‌ఐ మించనివ్వకు, సీళ్లు పాడవుతాయి. అప్పుడు సబ్బునీళ్లు చల్లితే దొరుకుతుంది. గొట్టంలోకి పొగ పంపి లీకు చూపించే మిషన్ ఉన్న షెడ్డైతే ఇంకా తేలిక.

అది కూడా అయ్యాకే టర్బో వైపు పోవాలి. గాలి పోయే గొట్టం ఊడదీసి ఇరుసును వేళ్లతో పట్టుకుని కదిలిస్తే పక్కలకు కొంచెం ఆడటం మామూలే, నూనె పొర మీద తేలే బేరింగ్ అది. దాన్ని చూపించి కూడా ‘చూడు సార్, ఎంత ఆడుతోందో’ అని భయపెడతారు. ముందుకీ వెనక్కీ ఆడటం మాత్రం చేతికి తెలియకూడదు. రెక్కల అంచులు గోడకు రాసుకున్న గీతలు ఉండకూడదు. ఈ రెండూ లేకపోతే 85 వేలకు టర్బో మార్చాల్సిన పని లేదు.

ఇంకో సంగతి అడుగుతాను: ఎయిర్ ఫిల్టర్ మార్చినప్పుడు ఏ గొట్టం ఊడదీశారు, ఏ క్లిప్పు మళ్లీ బిగించారు? నువ్వు చెప్పింది చూస్తే కథ అక్కడే మొదలైనట్టుంది.

ప్రశ్న అడిగినవారు

అన్నా, చాలా థ్యాంక్స్. పొగ ఏమీ లేదు, వెనక గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి కూడా చూశాను. ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ మీద నిండుగానే ఉంది. సాయంత్రం ఆటోనగర్‌లో స్కానర్ పెట్టిస్తే పి0299 ఒక్కటే వచ్చింది. ఫిల్టర్ మార్చేటప్పుడు పెద్ద నల్ల గొట్టం ఒకటి పక్కకు తీసినట్టు గుర్తు. ఒక క్లిప్పు విరిగితే వేరేది వేశామన్నారు.

జవాబు, మంచిర్యాల నుంచి

కాజీపేట అన్న చెప్పింది అక్షరాలా నిజం. నా అనుభవం కూడా రాస్తాను, మీకు పనికొస్తుంది. నేను బొగ్గు గనుల రోడ్డు మీద రోజూ తిరుగుతాను, గోదావరిఖని దాకా టిప్పర్ల వెనకాలే. ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో చెప్పిన సమయానికి సగంలోనే మూసుకుపోతుంది. నేను పట్టించుకోలేదు, ఆయిల్ కూడా 10,000కు మార్చాల్సింది 17,000 దాకా లాగాను. ఒకరోజు పొద్దున స్టార్ట్ చేస్తే వెనక నీలం పొగ, ఇంటి ముందున్న తులసి కోట కూడా కనబడలేదు. నా బండికి నిజంగానే టర్బో పోయింది.

బాధ అక్కడితో తీరలేదు. కొత్త టర్బో బిగించారు కానీ దానికి నూనె తెచ్చే సన్న పైపును మార్చలేదు, శుభ్రం కూడా చేయలేదు. లోపల నూనె మాడి, కాటుకలా పేరుకుని దారి సన్నబడి ఉంది. మూడు నెలల్లో కొత్త టర్బో కూడా పోయింది. కాబట్టి ఎవరికైనా నిజంగా టర్బో మార్చాల్సి వస్తే, నూనె పైపు కొత్తది వేయించండి, కింద నూనె తిరిగి వెళ్లే పైపును శుభ్రం చేయించండి, ఆయిల్ సంపు విప్పి జాలీ చూడమనండి. పక్కన నిలబడి చేయించుకోండి.

జవాబు, కాజీపేట నుంచి

మంచిర్యాల అన్నా, మీకు జరిగింది చదివితే మనసు నొచ్చింది. నీలం పొగ గురించి ఒక్క మాట కలుపుతాను. ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే పీసీవీ వాల్వ్ మూసుకుపోయినా, నూనె తిరిగి వెళ్లే పైపు మూసుకుపోయినా, బాగున్న టర్బో కూడా నూనె కక్కుతుంది. కారణం సరిచేయకుండా టర్బో మారిస్తే కొత్తది కూడా అదే పని చేస్తుంది.

ఆయిల్ దగ్గర మాత్రం టర్బో బండివాళ్లు పిసినారితనం చేయొద్దు. ఇరుసు మొత్తం నూనె పొర మీదే తిరుగుతుంది, పక్కనే నిప్పులాంటి పొగ. మన దగ్గర ఎండాకాలం 44, 45 డిగ్రీలు. పుస్తకంలో రాసిన గ్రేడ్, 0డబ్ల్యూ-20 అయినా 5డబ్ల్యూ-30 అయినా అదే పోయించండి, పూర్తి సింథటిక్. డబ్బా వెనక ఏపీఐ ఎస్‌పీ అని ఉందో లేదో చూడండి. 2020లో వచ్చిన ప్రమాణం అది. తక్కువ ఆర్‌పీఎంలో మంట ముందే అంటుకుని పిస్టన్ పగలకొట్టే సమస్యను ఆపేలా పరీక్షించిన ఆయిల్ అని దానర్థం. చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లకు పెద్ద శత్రువు అదే. ఊళ్లోనే చిన్న చిన్న దూరాలు తిరిగే బండైతే నేను 7,000 దగ్గరే మార్పిస్తాను.

నడిపే పద్ధతి కూడా అందులో భాగమే. కాజీపేట బ్రిడ్జి ఎక్కేటప్పుడు నాలుగో గేరులో 1,300 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కేవాళ్లను రోజూ చూస్తాను. మైలేజీ వస్తుందనుకుంటారు. ఇంజన్ లోపల ‘టిక్ టిక్’ మని కొట్టుకుంటూ ఉంటుంది. ఒక గేరు దించి తొక్కండి. హైదరాబాద్ నుంచి జోరుగా వచ్చి ఆపేటప్పుడు ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి. మామూలుగా ఊళ్లో తిరిగి ఆపితే ఆ అవసరం లేదు.

ప్రశ్న, కరీంనగర్ నుంచి

అన్నా, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాది కూడా టర్బో పెట్రోలే, 61,000 తిరిగింది. రోజూ బడికి పోయి వస్తాను, రానూ పోనూ 8 కిలోమీటర్లు. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక నిమిషం మిస్ కొడుతుంది, తర్వాత సర్దుకుంటుంది. ఎథనాల్ కలిపిన పెట్రోల్ వల్లనే అని అందరూ అంటున్నారు. నిజమేనా?

జవాబు, కాజీపేట నుంచి

మేడమ్, ముందే ఎథనాల్ మీద వేయకండి. 20 శాతం ఎథనాల్‌తో మైలేజీ కొంత తగ్గుతుంది, అది నిజం, ఎథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే తక్కువ. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండైతే రబ్బరు పైపులు, సీళ్లు ఒకసారి చూపించండి. మీ లక్షణానికి మాత్రం స్పార్క్ ప్లగ్గులు ముందు చూడాలి. నొక్కిన గాలిలో నిప్పురవ్వ దూకడం కష్టం, అందుకే టర్బో బండికి ప్లగ్గు గ్యాపు చాలా ముఖ్యం. 61,000 దాకా మార్చకపోతే గ్యాపు పెరిగి ఉంటుంది. వాటితో పాటు, ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిల్స్ ఒకదాని చోట ఇంకొకటి మార్చి చూడమనండి. పి0301 అని మొదటి సిలిండర్‌కు ఉన్న కోడ్, కాయిల్ మార్చాక పి0302గా మారితే దొంగ ఆ కాయిలే.

అవి బాగుంటే, మీ ఇంజన్ డైరెక్ట్ ఇంజెక్షనా కాదా చూడండి. అందులో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో పడుతుంది, గాలి వచ్చే వాల్వులను కడగదు. చిన్న దూరాలే తిరిగితే వాటి మీద మసి గడ్డ కడుతుంది. ట్యాంకులో పోసే క్లీనర్ సీసాతో అది పోదు, పెట్రోల్ అటు వైపే పోదు కదా. సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్ విప్పి శుభ్రం చేయాలి. అంతదాకా పోయే ముందు ప్లగ్గులు మార్చి చూడండి.

ప్రశ్న అడిగినవారు

అన్నా, దొరికింది! ఈరోజు పొద్దున గాలి ఎక్కించి సబ్బునీళ్లు చల్లారు. ఇంటర్‌కూలర్ నుంచి థ్రాటిల్‌కు వచ్చే గొట్టం కింది వైపు, క్లిప్పు అంచు దగ్గర బుడగలు గుత్తులుగా పొంగాయి. స్ప్రింగు క్లిప్పు తీసేసి స్క్రూ క్లిప్పు వేశారట, అది మరీ బిగించేసరికి అంచు రబ్బరును కోసేసింది. చీలిక బియ్యపు గింజంత ఉంది. వేలితో నొక్కితేనే తెరుచుకుంటుంది, మామూలుగా చూస్తే కనబడదు. ఇరుసు కూడా చూశారు, రెక్కలకు ఒక్క గీత లేదు.

కొత్త గొట్టం, అసలు రకం స్ప్రింగు క్లిప్పులు రెండు, కూలీ అన్నీ కలిపి 3,400 అయింది. కోడ్ తీసేసి మడికొండ దాకా పోయి వచ్చాం. మూడో గేరులో తొక్కితే పాత బండి మళ్లీ వచ్చింది, చప్పుడు లేదు. పాత గొట్టం ఇంటికి తెచ్చుకుని నాన్నకు చూపించాను.

జవాబు, కాజీపేట నుంచి

సంతోషం తమ్మీ. 500 కిలోమీటర్లు తిరిగాక ఆ రెండు క్లిప్పుల దగ్గర మళ్లీ వేలితో తడిమి చూడు, నూనె తడి ఉండకూడదు. ఆ గొట్టం మీద ఎక్కడైనా ఉబ్బు కనబడితే ఫోటో తీసి ఇక్కడే పెట్టు, చూస్తాను.